ముత్తక్క సైకిల్‌కి పట్టని తుప్పు

గోదావరి వరద తగ్గిన తర్వాత పుష్పలత తన తల్లి సైకిల్‌ను ఆటోలో వేసుకుని పినపాకలోని నాగలత సైకిల్ రిపేరు షాపుకు తెచ్చింది. యాభై ఏళ్ల నాటి ఆడవాళ్ల సైకిల్ అది. ఫ్రేము, హ్యాండిలు గట్టిగానే ఉన్నాయి. గోడ కూలి మీద పడటంతో మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియర్ మాత్రం నలిగిపోయాయి.

"దీనిమీదనే మా అమ్మ ముప్పై ఏండ్లు అడవి ఊర్లల్ల టీకాలేసింది. పారేద్దామంటే రెండ్రోజులు నాతోని మాట్లాడలే. ఎట్లన్న చేసి బాగుచెయ్యక్కా" అంది పుష్పలత.

నాగలత బేరింగులు మార్చింది. ఫ్రేమును కిరోసిన్‌తో కడిగింది. విరిగిన సామాను కోసం ఖమ్మంలో నాలుగు షాపులు తిరిగితే సరిపోయేవి దొరికాయి గానీ అన్నీ కొత్తవి. బిగించి చూస్తే వెలిసిన ఫ్రేము పక్కన నల్లగా మెరుస్తూ అతకనట్టు ఉన్నాయి. ఫోన్‌లో వీడియోలు చూసి ఉపాయం నేర్చుకుంది. ఆ కొత్త సామాను రంగును ఎమరీ పేపర్‌తో గీకేసి, వెనిగర్‌లో ఉప్పు కలిపి, ఆ నీళ్లలో తడిపిన గుడ్డలు చుట్టి రెండు రోజులు ఎండలో పెట్టింది. ఎర్రటి తుప్పు చక్కగా పట్టింది. నాగలతకు అది ఎంతో నచ్చి ఫోటో కూడా తీసుకుంది.

ఆ శనివారం పుష్పలత తల్లిని వెంటబెట్టుకొచ్చింది. ముత్తక్కకు డెబ్బై దాటాయి. సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది ఎవల్ది?"

"నీదే పెద్దమ్మా."

"నాది కాదు. నా సైకిల్‌కి తుప్పెక్కడిది?"

"పాతగ కనబడాల్నని నేనే పట్టించిన."

"పాతదైతే తుప్పు పట్టాల్నా? వారం వారం కొబ్బరినూనె గుడ్డతోని తుడుస్తుంటి. గిట్లుంటే నేను దాన్ని వానకు వదిలేసిననుకుంటరు."

"అమ్మా, ఆమె గంత కష్టపడి చేసింది" అని పుష్పలత సర్దిచెప్పబోయింది. నాగలతకు కోపమే వచ్చింది. ఇరవై రోజుల పని. కానీ ముసలామె చెప్పిన దాంట్లో తప్పేమీ కనబడలేదు. స్టూలు జరిపి కూర్చోమంది.

"అయితే యాడ అరిగిందో చెప్పు."

ముత్తక్క వేలితో చూపిస్తూ చెప్పింది. టీకాల డబ్బా కట్టిన తాడు ఒరిసి క్యారియర్ అంచులు తెల్లబడ్డాయి. ఎడమకాలి చెప్పు తగిలి చైన్ కవరు కింద రంగు పోయింది. చీర కుచ్చిళ్లు రాసుకుని వెనక మడ్‌గార్డు ఒక పక్క నున్నబడింది.

"ముందు మడ్‌గార్డుకు సొట్ట ఉండె. వాగుల పడ్డ."

"అది గూడ పెట్టాల్నా?"

"వద్దు బిడ్డా. ఒక్కసారి పడ్డది చాలు."

ముగ్గురూ నవ్వారు.

నాగలత తుప్పంతా ఇనుప పీచుతో తీసేసి మళ్లీ నల్లరంగు వేసింది. ఆరాక సన్నటి ఎమరీ పేపర్‌ను నీళ్లలో తడిపి, ముత్తక్క చెప్పిన చోట్ల మాత్రమే రుద్దింది. రంగు కొద్దికొద్దిగా పలచబడి కింద ఇనుము కనిపించేదాకా ఆగకుండా రుద్దితే భుజం నొప్పి పుట్టింది. చివర నూనె గుడ్డతో తుడిచింది. క్యారియర్ ఒక్కదానికే పూర్తిగా ఒక రోజు పట్టింది.

వారం తర్వాత ముత్తక్క వచ్చి క్యారియర్ అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది. చీర కొంగు నడుముకు దోపి సైకిల్ ఎక్కింది. పుష్పలత కంగారుగా పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మెల్లగా తూలుతూ మందుల షాపు దాకా వెళ్లి, వెనక్కి తిప్పుకుని, తిన్నగా వచ్చి బ్రేకు వేసి దిగింది. నుదుటన చెమట పట్టింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లున్నది పెద్దమ్మా?"

"సీటు జరంత ఎత్తయింది. దించు."

నాగలత పానా అందుకుంది.