క్యారేజీలో చేపల వాసన

మా ఆయనకు జనరల్ షిఫ్టు పడిందన్న కబురు శనివారం మధ్యాహ్నం ఫోన్లో వచ్చింది. వంటింట్లోనే ఒక్క గెంతు గెంతాను. స్టీల్ ప్లాంటు షిఫ్టులు, సెలవు రోజుల్లో ఓవర్‌టైముల పుణ్యమా అని పెళ్లయినప్పటి నుంచి ఇద్దరం కలిసి మధ్యాహ్నం భోంచేసిందే లేదు. ఇక సోమవారం నుంచి మధ్యాహ్నం విరామంలో గాజువాకలోని మా ఇంటికి వచ్చి వేడివేడిగా తినొచ్చు.

"క్యారేజీ పని లేదింక, ఇంటికొచ్చీండి!" అన్నాను.

"ఊఁ... సూద్దాం," అన్నాడు శంకర్.

చూద్దామేమిటి? నా సంబరం చప్పబడింది. ఎప్పటి నుంచో అణిచిపెట్టిన అనుమానం లేచి కూర్చుంది. ఎంత కడిగి తెచ్చినా క్యారేజీ పై గిన్నెలో చేపల వాసన. నేను పెట్టేది వంకాయ కూర. అడిగితే, పక్కన ఎవరో తిన్నారంటాడు. ఫోన్లో అప్పుడప్పుడూ 'దేవి' అన్న పేరు వెలుగుతుంది. ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళతాడు.

మా పెళ్లి కూడా ఎంత తొందరగా జరిగిందని! సబ్బవరంలో మా ఇంటికి చూపులకు వచ్చాడు. అమ్మ వేసిన వంకాయ బజ్జీలు మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకుని తిన్నాడు. లేవకముందే "నాకు ఇష్టమే" అన్నాడు. నెల తిరక్కుండా తాళి. అంత తొందరగా నన్ను ఒప్పుకున్నవాడు ఇంకెవరినీ ఒప్పుకోలేదని నమ్మకమేమిటి?

అల్లుడికి వంకాయంటే ప్రాణమని అమ్మ వారం వారం బస్సులో సంచి పంపుతుంది. నేను రోజూ వండుతాను. రాత్రి మాత్రం, మధ్యాహ్నం తిన్నాను కదా అని చారుతో సరిపెట్టుకుంటాడు.

సాయంత్రం అతను స్నానానికి వెళ్లగానే ఫోన్ మోగింది. దేవి. ఎత్తి, ఊరుకున్నాను.

"అన్నియ్యా! నీకు జనరల్ షిఫ్టు పడిందట గదా. ఇంక నా సేపల పులుసు ఎవులు తింతారు? వంకాయ కూర దొరకదని మా ఆయన ఇప్పట్నించే ఏడుత్తన్నాడు!"

"మీ ఆయనెవరు?" అన్నాను.

"కోటి. శంకరన్నియ్యతోటే పని సేత్తాడు... వోలమ్మో, వదినా! నువ్వా?"

"నేనే. ఏటిదంతా?"

"ఏటుంది? రోజూ పై గిన్నెలు మార్సుకుంతారు. నీ కూర తిన్నకాడ్నించి మావోడు నా వంటకి వంకలెడతన్నాడు. నీమీద ఎంత కోపంగున్నానో తెల్సా? రేపు గంగవరంలో మా ఇంటికి రా, నాను పులుసు నేర్పుతాను, నువ్వా కూర నేర్పు."

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆగిపోయింది. రోజూ కూర మార్చుకున్నాడంటే అతనికి వంకాయ ఇష్టమే లేదన్నమాట. బజ్జీలు అబద్ధమైతే, ఆ వెంటనే అన్న "ఇష్టమే" సంగతేమిటి?

తువ్వాలుతో వచ్చినవాడికి ఫోన్లో దేవి పేరు చూపించి, గిన్నెల సంగతి తెలిసిందన్నాను.

"వంకాయ తింటే ఒళ్లంతా దురద, బిందూ," అన్నాడు మెల్లగా.

"మరి ఆవేళ అన్ని బజ్జీలెందుకు తిన్నారు?"

తల అవసరమైనదానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు. "పళ్లెం నువ్వట్టుకొచ్చినావు. వద్దంటే లోపలికెలిపోతావు గదా. ఇంకో నిమసం నిలబడతావని..."

"తర్వాత?"

"ఇంటికెళ్లేదాకా బండి మీద గోక్కుంటానే ఉన్నాను. అయినా 'ఇష్టమే' అన్న మాట మార్సలేదు గదా."

నా ముఖం తిప్పుకోవాల్సి వచ్చింది, నవ్వు కనబడకుండా. కానీ అంత తేలిగ్గా వదిలేస్తానా?

"ఇంకా ఏటేటి ఓర్సుకుంటన్నారు?"

"ఫ్యాను ఒకటి మీద పెడితే నిద్ర పట్టదు."

లేచి అయిదు మీద పెట్టాను.

"మరి నువ్వేటి ఓర్సుకుంటన్నావు?" అన్నాడు.

"నావి ఒకేసారి సెప్పను. మెల్లగా సెప్తాను. ముందు ఇది ఇనండి. రేపు పొద్దున్నే గంగవరం ఎల్తన్నాం. బయల్దేరే ముందు మా అమ్మకి ఫోన్ సేసి, వంకాయలు పంపొద్దని మీరే సెప్పాలి."

"నానా?"

"మీరే. స్పీకర్ పెట్టి."