అడిగి తీసిన ఫొటో

"ఆడ నోరు తెరువకు. అడుగకుండ ఎవ్వలింట్ల చెయ్యి పెట్టకు. మనతోని సిరిసిల్ల ఇజ్జత్ పోవద్దు." ఇస్త్రీ చేసిన అంగీలను పెట్టెలో సర్దుతుంటే మా ఆయన హరీశ్ నాకు నేర్పిన విదేశీ మర్యాదలు ఇవి. మెక్సికోలో వహాకా అనే చోట చేనేత మేళా. పిలుపు ఆయన పేరు మీద వచ్చింది. నేతకారుడు హరీశ్, సహాయకురాలు వందన.

ఆ మేళాకు పోయే చీరలు నేసింది నేను. కోరుట్లలో మా నాన్న పదేళ్లకే నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. హరీశ్ ఫొటోలు తీస్తాడు, ఫైళ్లు పట్టుకుని జగిత్యాల, హైదరాబాద్ తిరుగుతాడు. ఎవరైనా చూడటానికి వస్తే మగ్గం మీద కూర్చుంటాడు, పోగు తెగితే నన్ను కేకేస్తాడు. నేను వంగి అతికేసి చాయ్ పెట్టడానికి పోతాను. ఒకసారి కొంగు అంచున నా పేరు నేస్తానంటే మా అత్త రాధమ్మ నవ్వింది. "ఆడిదాని పేరు జూసి ఎవలన్న చీరె కడ్తరానే?" పన్నెండేళ్లయింది. ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించను కూడా.

నెలరోజులు నూలు కండెలు చుట్టుకుంటూ ఫోన్‌లో స్పానిష్ మాటలు విన్నాను. కొట్లో అడుగుపెట్టగానే ముందు 'బ్వెనోస్ దియాస్' అని పలకరించాలట. తినేవాళ్ల పక్కనుంచి పోతే 'ప్రొవేచో' అనాలట, కడుపునిండా తినమని. మనిషి ఫొటో తీసేముందు అడగాలట. నా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగలేదే అని మండింది. అయినా నేర్చుకున్నాను.

వహాకా అంగట్లో హరీశ్ పలకరింపు లేకుండానే బట్టలు లాగి చూశాడు, ఆడవాళ్లను చిటికెలు వేసి పిలిచాడు. వెనకాల నేను అందరికీ దండాలు పెడుతూ, క్షమించమని 'పెర్దోన్' అంటూ నడిచాను. అది ఇంట్లోనూ నేను చేసే పనే.

మూడో రోజు మేళావాళ్లు మమ్మల్ని దోన్యా ఎలేనా అనే ముసలి నేతకత్తె ఇంటికి తీసుకెళ్లారు. హరీశ్ పోతూనే ఆమె ముఖం మీదికి ఫోన్ పెట్టి ఫొటో తీశాడు. ఆమె ముఖం తిప్పుకుంది. నేను గడప బయటే ఆగి, లోపలికి రావచ్చా అన్నట్టు 'పెర్మిసో' అన్నాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

ఆ ఇంటికి ఏ నేతగాళ్లు వచ్చినా అక్కడున్న మగ్గం మీద నాలుగు వేళ్ల మేర నేసి పోవాలట. మాతో వచ్చిన దుబాసీ అమ్మాయి లూసియా ఆ మాట చెప్పి హరీశ్‌ను మగ్గం ముందు కూర్చోబెట్టింది. ఇంటివాళ్లంతా చుట్టూ చేరారు. కాసేపటికే పోగు తెగింది. కొస దొరికించుకున్నాడు గానీ అతకడం రాలేదు. చెమటలు పట్టాయి.

"వందనా, జర అతుకేయ్. జల్ది," అన్నాడు మెల్లగా.

నా వేళ్లు అలవాటుగా కదిలాయి. రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని బిగించాను.

"అడుగకుండ చెయ్యి పెట్టద్దన్నవ్ గదా. ఇంటామె నన్ను అడుగలే."

"ఇజ్జత్ తీస్తవానే?"

"ఎవలిది? నీదా, నాదా?"

మా మాటలు అర్థం కాకపోయినా దోన్యా ఎలేనాకు పని ఎవరికి వచ్చో అర్థమైంది. దగ్గరికొచ్చి నా చూపుడువేలి మీద కాయకట్టిన చోటును నిమిరి ఏదో అడిగింది. మేళాలో పెట్టిన చీరలు నేసింది నువ్వేనా అంటోందని లూసియా చెప్పింది.

"సీ," అని వాళ్ల మాటలోనే అవునన్నాను. "నేనే. ఈయన నా హెల్పర్."

లూసియా ఆ మాట చెప్పగానే ఇల్లంతా హరీశ్ వైపు చూసింది. ఆయన లేవబోయాడు.

"కూసో," అన్నాను. పన్నెండేళ్లకు నా కడుపు చల్లబడింది.

ఫోన్ తీశాను. మగ్గం ఆమెది కాబట్టి, ఫొటో తీసుకోవచ్చా అని దోన్యా ఎలేనాను అడిగాను. నవ్వి తలూపింది. తెగిన పోగు పట్టుకుని దిక్కులు చూస్తున్న మనిషిని తీసి, కింద 'పోగు అతుకస్తలేదట' అని రాసి, మా అత్త కూడా ఉన్న సిరిసిల్ల నేతన్నల గ్రూపులో పెట్టాను. ఆయన్ని మాత్రం అడగలేదు.