కుక్కర్ కేకు సాక్ష్యం

భూలికి అబద్ధమాడటం చేతకాదు. పెళ్లయి పన్నెండేళ్లలో నోరారా ఆడింది ఒకే ఒక్కటి, అదీ ఫోన్ కెమెరా ముందు నవ్వుతూ ఆడింది. తీరా అదే వచ్చి మెడకు చుట్టుకుంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో, ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్ బెల్టు కింద గుంటలో రాలిన వడ్లు ఊడ్చే పని ఆమెది. ఆరేళ్లు చేసింది. మొన్న ఎండాకాలంలో బెల్టు ఆపకుండానే ఊడ్వమన్నారు. ఊడ్చింది. బెల్టు ఆమె కుడిచేతి బొటనవేలినీ, పక్కనున్న రెండు వేళ్లనూ తీసుకుపోయింది. దవాఖాన ఖర్చు మిల్లువాళ్లే పెట్టుకున్నారు, కాదనకూడదు. ఆ తర్వాత మేనేజర్ ప్రభాకర్ తండాకు వచ్చి ఓ డబ్బుల కవరు గడప మీద పెట్టి, "తీస్కొని ఊకో" అన్నాడు. భూలి దాన్ని కాలితో కూడా తాకలేదు. కోదాడ పోయి, కూలీల కేసులు వాదించే వకీలు సుకన్యను పట్టుకుని, జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టించింది. ఆ చేత్తో ఇక కూలి దొరకదు. భర్త బిచ్చా దామరచర్లలో తట్టలు మోసి తెచ్చేది బియ్యానికీ ఉప్పుకూ సరిపోతుంది. పిల్లల చదువు నిలబడాలంటే ఈ కేసు నిలబడాలి.

అంత మొండి మనిషీ ఒక్క విషయంలో మాత్రం పిరికిది. ఎవరైనా ఇంటికొస్తే చాలు, కుడిచేతిని కొంగులో దాచేసేది. అయ్యో పాపం అనే చూపు చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

సరిగ్గా అప్పుడే పిల్లలకు కేకు పిచ్చి పట్టింది. ఇంట్లో లెక్కలు ఎలా నేర్చుకుంటున్నారో వీడియో తీసి పంపమన్నది బడిలో టీచరు. ఐదో తరగతి కావ్య, రెండో తరగతి శ్రీకాంత్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్, రబ్బరు తీసేసి, అందులో కేకు గిన్నె పెట్టారు. మొదటిది మాడి బొగ్గయింది. రెండోది పైన ఉడికి లోపల జావలా ఉంది. మూడోసారి భూలి పీట వేసుకుని పక్కన కూర్చుంది. మంట ఎప్పుడు తగ్గించాలో ఆమెకు వాసనను బట్టే తెలిసిపోతుంది. అరకప్పులో సగం పావు అని కావ్య తమ్ముడికి చెబుతుంటే, ఆ లెక్క తల్లికీ ఎక్కింది. కేకు ఉడికేలోగా కావ్య పళ్లెంలో మైదా పరిచి, తల్లి ఎడమచేతి వేలు పట్టి పేరు రాయించేది. మొదటి వారమంతా "భూ" దగ్గరే గడిచిపోయింది.

నాలుగో కేకు పొంగింది. వీడియో తీశారు. చివర్లో భూలి ఎడమచేత్తో పళ్లెం ఎత్తి, "నేనే చేసిన, నా చేతులతోనే" అంది. పిల్లల చేతుల మీద పడి తింటోందని తండాలో అనుకోకూడదని ఆమె బాధ. తన కుడిచేయి కనబడిన ముక్కను కోసేసి పంపమంది. "యాడీ, చేసింది మేము కదా" అంది కావ్య తల్లితో. అమ్మ ఉరిమి చూసేసరికి నోరు మూసుకుంది. వీడియో బడి గ్రూపులోంచి తండా గ్రూపుకు, అక్కడి నుంచి తిన్నగా మిల్లుకు పోయింది.

విచారణ రోజు ప్రభాకర్ తన ఫోన్ తీసి ఆఫీసరు ముందు పెట్టాడు. చివరి పది సెకన్లే వేశాడు.

"సూసిన్రా సార్, కేకులు చేస్కుంట మంచిగనే ఉన్నది. గీమెకు పోయిన సంపాదన ఏంది? ఉత్తగ మమ్మల్ని పరేషాన్ చేస్తున్నది" అన్నాడు.

సుకన్య భూలి చెవి దగ్గరికి వంగింది. "మీరేం మాట్లాడకండమ్మా. నేను చూసుకుంటాను."

మంచి సలహాయే. కానీ పక్కన కావ్య కూర్చుని ఉంది. ఇప్పుడు కూడా నువ్వే చేశావని చెప్పాలా అన్నట్టు తల్లి ముఖంలోకి చూస్తోంది. భూలికి ప్రాణం చచ్చినంత సిగ్గేసింది. లేచి నిలబడింది.

"సార్, గది నేనాడిన అబద్ధం. నా బిడ్డ చేసిన కేకు నాదని చెప్పిన."

సుకన్య తల పట్టుకుంది. ప్రభాకర్ ముఖం వెలిగిపోయింది. "అబద్ధమని ఒప్పుకున్నది, రాస్కోండ్రి సార్."

"రాస్కోండ్రి. వేళ్లు పోయినయని నలుగురికి తెల్వద్దని నేను ఆడిన. పోయినా ఏం కాలేదని మీరు ఆడుతున్నరు. నాది సిగ్గు సారూ. మీది ఏంది?"

భూలి కూతురి వైపు తిరిగింది. "కొయ్యంది పెట్టు బిడ్డా. మొదటి నుంచి."

కావ్య ఫోన్లో మొత్తం వీడియో ఆరు నిమిషాలు నడిచింది. కావ్య పావు కప్పు కొలిచింది. శ్రీకాంత్ నాలుక బయటపెట్టి పిండి కలిపాడు. మధ్యలో భూలి, ఏళ్ల అలవాటు కొద్దీ, కుడిచెయ్యి చాపి గుడ్డు అందుకోబోయింది. అది జారి నేల మీద పగిలింది. వీడియోలో ముగ్గురూ నవ్వారు, శ్రీకాంత్ గుడ్డ తెచ్చి తుడిచాడు. ఆఫీసులో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ వీడియోను అర్జీదారు తరఫు సాక్ష్యంగా రాయమనీ, ఆమెను మెడికల్ బోర్డుకు పంపమనీ గుమస్తాకు చెప్పాడు.

"కేకు చేసింది నా బిడ్డ కావ్య, నా కొడుకు శ్రీకాంత్ అని గూడ రాయుండ్రి" అంది భూలి. రాశాడు. రాసిన కాగితం ఆమె ముందుకు తోసి, సిరా డబ్బా మూత తీసి, "వేలిముద్ర వెయ్యమ్మా" అన్నాడు గుమస్తా.

"సంతకం పెడ్త."

ఎడమచేత్తో పెన్ను పట్టింది. "భూ" వంకరగా పడింది. కాగితం పక్కకు జరిగిపోయింది.

"సూడుండ్రి సార్, చెయ్యి మంచిగనే నడుస్తున్నది" అన్నాడు ప్రభాకర్.

"ఇది నా బిడ్డ నేర్పిన చెయ్యి సారూ." భూలి కొంగు తీసేసి, కుడిచేతిని అతని కళ్ల ముందే బల్ల మీద పెట్టింది. "మీ మిల్లుల పనిచేసిన చెయ్యి గిది."

మిగిలిన ఆ రెండు వేళ్లతో కాగితం కదలకుండా అదిమిపట్టి, "లి" రాసింది.