మంచు పడితే సెలవు

చలికాలం వచ్చిందంటే బంగారయ్యకి ఒక పని ఎక్కువ. కారు తుడవటం అవగానే గేటు పక్క గదిలో కూలబడి ఫోన్లో ఆస్ట్రియా చూడటం. అక్కడ కొండల నడుమ ఒక సరస్సుంది. దాని ఒడ్డున ఎవరో కెమెరా పెట్టారు. కొండ తెల్లగా ఉందా, మట్టిరంగులో ఉందా అన్నదొక్కటే బంగారయ్యకి కావాలి. తెల్లగా ఉంటే బాబా, అంటే అతని కువైటీ యజమాని, కుటుంబంతో ఫిబ్రవరి సెలవులకి అక్కడికి స్కీయింగుకి పోతాడు. వాళ్ళు పోతేనే డ్రైవరుకి ఊరెళ్ళే వీలు. రెండేళ్ళుగా మంచు పడలేదు, వాళ్ళు కదల్లేదు, ఇతనూ కదల్లేదు. ఎక్కడో తెల్లోళ్ళ కొండ మీద మంచు పడితేగానీ కోనసీమోడు పెళ్ళాం మొహం చూడకూడదని రాసిన దేవుణ్ణి రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు.

ఈసారి అవసరం గట్టిది. పెళ్ళాం నాగేశ్వరికి గర్భసంచి తీసెయ్యాలని కాకినాడ డాక్టరమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది. "మీరు పక్కనుంటేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతాను" అని నాగేశ్వరి పట్టు.

"మంచు పడగానే వచ్చేత్తానే" అన్నాడు ఫోన్లో.

"మంచా? ఇక్కడ ఎనిమిదైనా కొబ్బరిచెట్లు కనపడనంత మంచు. ఇంకెంత పడాలేంటి?"

"ఆ మంచు కాదే తల్లీ. కొండ మీద గడ్డకట్టే మంచు. కాళ్ళకి పలకలు కట్టుకుని జారతారు."

"జారడానికి మీకు మంచెందుకు? మూడేళ్ళ నుంచీ జారుకుంటానే ఉన్నారుగా!"

ఆ మాట ముల్లులా దిగింది. అప్పట్నుంచీ కారెక్కిన ప్రతిసారీ బాబాని అడగటం మొదలెట్టాడు. "బాబా, థల్జ్?" థల్జ్ అంటే మంచు. బాబా మురిసిపోయి, పెద్దకొడుకు స్నోబోర్డు మీద వాలు దిగుతూ గాల్లోకి లేచే వీడియోలు చూపించేవాడు. బంగారయ్య "మాషాల్లా" అనేవాడు. కడుపులో మంట కడుపులోనే ఉంచుకునేవాడు.

జనవరిలో మామా, అంటే బాబా భార్య, ఒకరోజు కువైట్ సిటీలో ఏదో ఆఫీసుకి తీసుకెళ్ళింది. అద్దం మీద వేళ్ళు పెట్టమన్నారు, ఫోటో తీశారు. ఐదుతో చదువాపేసినోడు కాగితాలేం చదువుతాడు? ఇఖామా, అదే అక్కడుండే పర్మిట్, రెన్యువల్ అనుకుని చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి మొదటివారం కొండ తెల్లబడింది. బంగారయ్య చెప్పులు కూడా వేసుకోకుండా హాల్లోకి పరిగెత్తాడు.

"బాబా! థల్జ్!"

బాబా నవ్వుతూ ఒక సంచీ విప్పాడు. లావాటి నీలం కోటు, చేతికి తొడుగులు.

"నీకే. నువ్వూ వస్తున్నావు మాతో. వీసా వచ్చేసింది. రోజూ థల్జ్ థల్జ్ అంటుంటే, పాపం ఎంత ఆశో అని మామాయే చేయించింది."

బంగారయ్య పందొమ్మిదేళ్ళలో నేర్చిన అరబ్బీ అంతా దారులదీ కూరగాయలదీ.

"లా, బాబా. థల్జ్ లా. ఇజాజా... ఇజాజా కావాలి."

లా అంటే వద్దు, ఇజాజా అంటే సెలవు. విహారానికి పోయినా వాళ్ళకి అదే మాట.

"ఇది ఇజాజా కాక మరేంటి!" అన్నాడు బాబా. ఇల్లంతా గొల్లున నవ్వింది.

పెళ్ళానికి ఆపరేషనన్న ముక్క గొంతుదాకా వచ్చింది. కిందటి వంటవాడు పెళ్ళానికి జబ్బని చెప్పే వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆ ఇంట్లో ఇప్పటికీ వాణ్ణి తిట్టని రోజుండదు. ఇంక ఇతని మాట ఎవడు నమ్ముతాడు? "షుక్రన్" అని, మామా తొడిగిన కోటుతోనే గేటు గదికి వచ్చేశాడు.

చెమటలు కక్కుతూ ఫోన్ చేశాడు. చెప్పిందంతా నాగేశ్వరి వింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుణ్ణనుకున్నాడు.

"ఎన్నాళ్ళంట?"

"ఇరవయ్యో తారీకు నుంచి పదిరోజులు. తర్వాత బతిమాలి ఎలాగోలా..."

"వద్దులెండి. ఇరవైనాలుక్కి డాక్టరమ్మ డేటిచ్చింది. పక్కింటి సూరాయమ్మత్తని రమ్మంటాను. సంతకం నేనే పెట్టుకుంటాను."

"నాగేసూ, నేను..."

"చెవులకి గుడ్డ కట్టుకోండి. చలంట కదా అక్కడ."

పెట్టేసింది.

మళ్ళీ చేశాడు. ఎంగేజ్. కాసేపాగి ఇంకోసారి చేశాడు. ఎంగేజే. సూరాయమ్మత్తతో మాట్లాడుతూ ఉంటుంది.