ఎడమవైపు కందిరీగలు

పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో అప్పలసూరి మేష్టారు వ్యాయామం మానేశారు. రబ్బరు బంతి ఇస్తే మంచం కిందకి దొర్లించేశారు. చిక్కుడు గింజలు ఒక్కొక్కటీ తీసి గిన్నెలో వెయ్యమంటే, "ఇవి సిన్నపిల్లల ఆటలమ్మా, నావల్ల కాదు" అని మొహం తిప్పుకున్నారు.

విజయనగరం కంటోన్మెంటులో ఉన్న ఆయన ఇంటికి ఫిజియోథెరపీ చేయించడానికి వారానికి మూడుసార్లు వచ్చేది షాలిని. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చి ఊళ్లో ఒక క్లినిక్కులో పనిచేస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు. ఆ రోజు ఏమీ తోచక తన సంచిలోంచి ఒక కార్డుల పెట్టె తీసి ఆయన ముందు పెట్టింది. "ఇవి కలిపి, ఎడం చేత్తో ఒక్కోటీ తియ్యండి మేష్టారూ, చాలు" అంది.

ఆయన ముప్పై ఏళ్లు డ్రాయింగు మేష్టారు. పైకార్డు మీద రెక్కలు విప్పిన కందిరీగల దండు బొమ్మ చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఎవరేసేరే పాపా ఇది? నీడలు సూడు ఎంత బాగా ఎట్టేడో" అన్నారు. తర్వాత అడిగారు, "దీంతో ఏటి సేస్తారు?"

అలా మొదలైంది. షాలిని మూడేళ్లుగా ఆ ఆట ఆడుతోంది. గంటస్తంభం దగ్గర స్టేషనరీ కొట్టు మీద గదిలో ఎల్లాజీ అనే అతను ఆదివారాలు అందర్నీ కూడగట్టి ఆడిస్తాడు. ఎవరి కార్డులు వాళ్లు పోగుచేసుకుని, వాటిలోంచి అరవై ఎంచి డెక్ కట్టుకోవాలి. ఇద్దరూ ఇరవై ప్రాణాలతో మొదలుపెడతారు. శక్తి కార్డులు పరిచి, ఆ శక్తితో జీవుల్ని దించి, ఎదుటివాళ్ల మీదకి పంపాలి. ఎదుటివాళ్లు తమ జీవిని అడ్డం పెడితే సరే, లేకపోతే దెబ్బ ప్రాణాల మీద పడుతుంది. కొట్టడానికి వెళ్లిన జీవి అలిసిపోయినట్టు లెక్క. మళ్లీ తన వంతు వచ్చేదాకా అడ్డం నిలబడదు.

మేష్టారు పది రోజుల్లో ఆట పట్టేశారు. ఆయన డెక్ నిండా తాబేళ్లు, రాతిగోడలు, ముసలి ఏనుగులు. తొందర లేదు. ఎదుటివాడు కొట్టి కొట్టి అలిసేదాకా కాచుకుని, అప్పుడు కదిలేవారు.

ఒక్కటే ఇబ్బంది. ఆయన ఎడమవైపు ప్రపంచం చూడరు. కన్ను బాగానే ఉంది, మెదడే అటు పట్టించుకోదు. కంచంలో ఎడంపక్క కూర అలాగే ఉండిపోయేది. మందారం గీస్తే కుడివైపు రేకులే పూసేవి. ఈ జబ్బుకి మందు అలవాటే. అందుకే షాలిని కావాలని తన కార్డులు ఆయన ఎడమవైపుకి పెట్టి, ప్రతిసారీ గుర్తుచేసేది. "ఎడమవైపు చూడండి మేష్టారూ." ఆయన మెడ తిప్పి, "ఓలమ్మ, ఇక్కడొకటున్నాదేటి!" అని నవ్వేవారు. నెమ్మదిగా మెరుగయ్యారు. బాగా అలిసినప్పుడు మాత్రం మళ్లీ ఎడమవైపు చెరిగిపోయేది.

ఆ వేసవిలో ఎల్లాజీ పోటీ పెట్టాడు. పదహారుమంది. ఫైనలుకి చేరిన ఇద్దరికీ విశాఖపట్నంలో జరిగే పెద్ద పోటీలో చోటు. షాలినికి అది కావాలనిపించింది. ఆ గదిలో ఆడమనిషి తనొక్కతే. తనతో ఆటకి వచ్చినవాళ్లు "రండి సిస్టర్" అని తేలిగ్గా కూర్చునేవాళ్లు. తను ఓడిపోయినప్పుడు, "బాగా ఆడేరు సిస్టర్" అనేవాళ్లు. ఆ మాట ఓటమికన్నా చేదుగా ఉండేది.

పాత డెక్ విప్పేసి కొత్తది కట్టడం మొదలుపెట్టింది. ఎదుటివాడు నిలదొక్కుకునేలోపే మీద పడిపోయే డెక్. మూడు వారాలు, వ్యాయామం అయ్యాక అరగంట, మేష్టారి వరండాలోనే కూర్చుని కట్టింది. ఆయన భార్య కుసుమకుమారి టీ తెచ్చి పెడుతూ, "డాక్టరమ్మా, ఈయన నాతో ఇన్ని మాటలు ముప్పయ్యేల్లల్లో ఆడలేదు" అనేది.

"ఈ పులి తీసెయ్" అన్నారు మేష్టారు ఒకరోజు.

"ఇదే కదండీ నా దగ్గరున్న పెద్దది!"

"అందుకే తియ్యమంతన్నాను. అది దిగీసరికి ఆరో వంతు వస్తాది. అప్పటికి నీ పని అయిపోయినా అవ్వాల, ఎదటోడి పనయినా అవ్వాల. సిన్నవి ఎట్టు. ముంగిసలు, నక్కలు, కందిరీగలు. ఒకటి సస్తే ఇంకోటి ఎల్లాల."

పులిని తీసేసింది. చివరికి ముప్పై రెండు జీవులు, ఇరవై ఒక్క శక్తి కార్డులు, జీవులకి బలమిచ్చే ఏడు కార్డులు మిగిలాయి. ఆ డెక్‌లో సగం ఆలోచన ఆయనదే. సాధన ఆటలో మొదటిసారి ఆయన్ని ఓడించినప్పుడు ఆయనే ఎక్కువ సంతోషించారు. "నానూ వస్తాను పోటీకి" అన్నారు.

పోటీనాడు షాలిని పొద్దున చర్చిలో ఆదివారం ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం రైలుకి దిగింది. మేష్టారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎల్లాజీ గది మెట్లన్నీ ఎక్కి, కుసుమకుమారి పక్కన కూర్చుని ఉన్నారు. రెండు ఆటలు గెలిచారు. కాలేజీ కుర్రాళ్లు ఆయన తాబేళ్లని దాటలేక తల పట్టుకున్నారు. షాలిని కూడా రెండూ గెలిచింది. మూడో ఆటకి ఎల్లాజీ పేర్లు చదివాడు. షాలిని, అప్పలసూరి మేష్టారు. గెలిచినవాళ్లు ఫైనలుకి.

సాయంత్రం నాలుగయింది. పంకా కింద కూడా ఉక్కపోత. మేష్టారి కళ్లు వాలిపోతున్నాయి. మనిషి ఎంత అలిసిపోయాడో షాలినికి తెలుసు. అలా తెలుసుకోవడమే ఆమె ఉద్యోగం.

ఆమె మొదట దూకుడుగా వెళ్లింది. మేష్టారి ప్రాణాలు అయిదుకి దిగాయి. తర్వాత తాబేళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, ఆమె ముంగిసలూ నక్కలూ ఒక్కొక్కటే చచ్చాయి. బల్ల మీద ఆమె పక్క ఖాళీ అయిపోయింది. అప్పుడు చేతికి కందిరీగల దండులు రెండు వచ్చాయి. ఒక్కోటీ మూడు ప్రాణాలు తీస్తుంది.

మేష్టారు తల వంచుకుని ఎడమచేతిలో జారుతున్న కార్డులు సర్దుకుంటున్నారు. షాలిని కందిరీగల్ని మధ్యలో పెట్టలేదు. తన కుడిచేతి చివర, నీళ్లసీసా పక్కన పెట్టింది. అంటే ఆయనకి ఎడమ అంచు. దించిన కార్డు పేరు పైకి చెప్పాలన్నది నియమం. చెప్పింది, తనకే వినిపించేంత మెల్లగా. ఇతర ఆటగాళ్లు ఆ పక్కకే నిలబడి చూస్తున్నారు. ఎవరికీ ఇందులో తప్పు కనిపించలేదు.

మేష్టారు తలెత్తి బల్ల చూశారు. "ఇంకేటీ లేవు కదమ్మా నీ దగ్గిర?"

"బల్ల మీదున్నవే మేష్టారూ" అంది షాలిని.

ఆయన తలూపి, తాబేళ్లన్నింటినీ కొట్టడానికి పంపేశారు. ఆమె ప్రాణాలు రెండుకి దిగాయి. ఇంకో వంతు ఉంటే ఆయనదే ఆట. షాలిని రెండు కందిరీగల మీద వేలు పెట్టి ముందుకి తోసింది. "ఆరు" అంది.

"అవెక్కడివి?"

"బల్ల మీదే ఉన్నాయి కదండీ" అన్నాడు వెనక నుంచి ఎవరో. ఇంకెవరో నవ్వారు.

మేష్టారు మెడ తిప్పి ఆ రెండు కార్డుల్ని చాలాసేపు చూశారు. "అవును, ఉన్నాయి" అన్నారు. లేచేటప్పుడు కుసుమకుమారి భుజం పట్టుకున్నారు.

ఫైనలులో షాలిని ఓడిపోయింది. అయినా విశాఖ చోటు ఖాయమే. ఎవరూ సిస్టర్ అనలేదు, చేతులు కలిపారు. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, వాళ్లంతా కలిపిన ఆ చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మంగళవారం వెళ్లేసరికి మేష్టారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. లేవలేదు.

"బుర్ర పోయిందమ్మా" అన్నారు. "కల్లముందు ఉన్నవి కనపళ్లేదు. నానడిగితే నువ్వు సెప్పేవు కూడాను. ఇంక నాకేల ఈ యాయామాలు?"

చెప్పాల్సిన నిజం వదిలేసి షాలిని, "అలసిపోయారంతే" అంది.

గురువారం అంతే. శనివారం అంతే. కుసుమకుమారి వీధి తలుపు దగ్గర ఆపి చెప్పింది. "ఫోనొస్తే మాటాడ్డం మానేసేరమ్మా. మాటల్లో తప్పొస్తే నవ్వుతారంట. నిన్న నన్ను అడిగేరు, నీ పేరు నాను సరిగ్గానే పిలుస్తన్నానా అని."

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో ప్రభువు బల్ల, మనసులో తప్పు దాచుకున్నవాళ్లు తీసుకోకూడని రొట్టె, ద్రాక్షరసం. రొట్టె పళ్లెం వరసలోకి వచ్చినప్పుడు షాలిని చెయ్యి చాపకుండా పక్కవాళ్లకి అందించేసింది. బయటికి వచ్చాక తల్లి అడిగింది, "బల్ల తీసుకోలేదేటే? ఏటి సేసేవు?" షాలిని నేరుగా స్టేషనుకి నడిచింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి మేష్టారు కుర్చీలో ఉన్నారు, కార్డుల పెట్టె లేదు. షాలిని కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కందిరీగల్ని ఎక్కడ పెట్టిందో, ఎందుకక్కడ పెట్టిందో, పేరు ఎంత మెల్లగా చెప్పిందో, ఆయన అడిగినప్పుడు ఏం తెలిసి ఆ జవాబిచ్చిందో.

ఆయన మొదట అడిగింది ఇది. "అంటే నా బుర్ర బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉంది. మీకు కనిపించిన బల్లకి మీరు వేసిన ఎత్తు సరైనదే. గెలిచేవారు."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఊపిరి వదిలారు. కళ్లు తెరిచేసరికి మొహం మారిపోయింది.

"ఎప్పుడనుకున్నావు? ఆట మద్దిలోనా, ఇక్కడ డెక్కు కడతన్నప్పుడా?"

అబద్ధం చెప్పడానికి అదొక్కటే చోటు మిగిలింది. షాలిని నేల చూసింది. "ఇక్కడే ఒకసారి తోచింది మేష్టారూ. ఛీ అనుకున్నాను. ఆ రోజు మళ్లీ తోచింది. అప్పుడు ఛీ అనుకోలేదు."

"నా జబ్బు నీకు సూపించేను, బాగుసేస్తావని" అన్నారాయన. "నాతో ఆడీ మనిషికి సూపించలేదు. ఇద్దరూ నువ్వే అయ్యేవు."

షాలిని చేతులు జోడించబోయింది. "వొద్దు" అన్నారు. లోపలికి తిరిగి, "కుసుమా, టీ ఎట్టు" అని కేకేశారు. ఒక క్షణం ఆగి, "నాకొక్కడికే" అన్నారు. తర్వాత షాలినితో, "రేపట్నించి ఇంకెవరినైనా పంపమను" అన్నారు.

క్లినిక్కులో కారణం దాచకుండా చెప్పింది. పెద్ద డాక్టరు ఆమె వెళ్లే ఇళ్ల జాబితా తిరగేశాడు. చివరికి, "ఇంకో ఇంట్లో ఇలాంటిది వింటే నీకు ఇక్కడ పని లేదు" అన్నాడు. మేష్టారి ఇంటికి క్లినిక్కులో ఇంకో ఫిజియోథెరపిస్టు దేవేంద్రని పంపాడు. షాలిని ఎల్లాజీ దగ్గర విశాఖ చోటు వదులుకుని, మేష్టారికి ఇమ్మంది. ఎల్లాజీ ఫోన్ చేస్తే, "ఆట గెలిస్తే ఎల్తాను గాని, ఎవరో పారేసింది ఏరుకోను" అన్నారట. చోటు ఇంకెవరికో పోయింది.

రెండు నెలలు షాలిని ఆ గదికి వెళ్లలేదు. మేష్టారి చేయి బాగా తిరుగుతోందని దేవేంద్ర చెబితే వినడమే. తర్వాత ఒక ఆదివారం, వెళ్లకుండా ఉండడం కూడా దాక్కోవడమే అనిపించి, మెట్లెక్కింది. డెక్ మార్చలేదు. మార్చినంత మాత్రాన ఏమవుతుంది?

మేష్టారు అక్కడే ఉన్నారు. కొత్త కుర్రాడెవడో ఎదురుగా కూర్చుంటే గదంతా వినబడేలా చెప్తున్నారు. "ఒరే నాయనా, నాకు ఎడమేపు ఆనదు. అటేపు ఏటెట్టినా గట్టిగా సెప్పాల. సెప్పకపోతే ఆట సెల్లదు." కుర్రాడు తలూపాడు. ఆ తర్వాతి ఆటలో మరొకరికీ అదే చెప్పారు, సిగ్గేమీ లేకుండా, ఆట నియమం చదివినట్టు.

నాలుగో ఆటకి ఎల్లాజీ చీటీలు తీసి పేర్లు చదివాడు. ఒక్క క్షణం తడబడి, షాలిని వైపు చూశాడు. ఆమె వెళ్లి మేష్టారి ఎదురుగా కూర్చుంది.

ఆయన కార్డులు కలిపారు. ఎడమచేతి వేళ్లు మునుపటికన్నా చురుగ్గా కదిలాయి. షాలిని ఆయన చెప్పబోయే మాట కోసం ఎదురుచూసింది. ఆయన చెప్పలేదు. ఏడు కార్డులు తీసుకుని, విసనకర్రలా విప్పుకుని, ఆమె మొహంలోకి చూశారు.

"నీకు సెప్పక్కర్లేదు కదా" అన్నారు. "ఎయ్యి. నీదే మొదలు."

షాలిని ఒక ముంగిసని తీసి, బల్లకి సరిగ్గా మధ్యలో పెట్టి, గట్టిగా దాని పేరు చెప్పింది.