ముందు నా చేతికి

వాచీ బెల్టు మణికట్టును కోసేస్తోందని మా ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు. చొక్కా కఫ్ మీద గోధుమరంగు మరక చూసి, టీ ఒలకబోసుకున్నారని తిట్టాను. నానబెడితే నీళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు పరుగెత్తి వాచీ విప్పితే, బెల్టు అంచు కింద చర్మం లేచిపోయి పుండు పడి ఉంది. పక్కింటి గోడ మీద బీట చూసినట్టు చూశారాయన దాన్ని.

పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన ఎడమచేయి కదలడానికి కదులుతుంది. మడుస్తారు, చాపుతారు, చూస్తూ ఉన్నంతసేపు గ్లాసు కూడా పట్టుకుంటారు. చూపు తిప్పారంటే గ్లాసు కింద ఉంటుంది. ఆ చేతికి స్పర్శ లేదు. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే ఫిజియో అమ్మాయి పుండు చూసి నన్ను చెడామడా కోప్పడింది.

"ఆ చేతికి తగిలేది ఏదైనా సరే ఆంటీ, ముందు మీ చేతికి పెట్టి చూసుకోండి. వేడినీళ్లయినా, చొక్కా అయినా, వాచీ అయినా."

ఆనాటి నుంచి ఆయన స్నానం నీళ్లు ముందు నా మోచేతికి, ఆయన చొక్కా కఫ్ ముందు నా మణికట్టుకు. ఈ ఇంట్లో ఒక చెయ్యి తగ్గిందని అందరూ జాలిపడతారు గానీ, నా లెక్కలో ఒకటి పెరిగింది. అలవాటు ఎంతగా ముదిరిందంటే, ఆయన దువ్వెన కూడా ఒకసారి నా తలలో గీసుకున్నాకే ఇస్తున్నాను.

ఆయన కటింగ్ మాస్టర్. టైలరింగ్ షాపులో పెద్ద బల్ల ఆయనది. కుడిచేత్తో కత్తెర ఆడిస్తూ, ఎడమ అరచేయి గుడ్డ మీద పరిచి, కత్తెర నోటికి వేలెడు దూరంలో దాన్ని జరుపుకుంటూ పోవాలి. ఆ ఎడమచెయ్యే ఇది. షాపు ఓనరు మంచివాడే, ఇన్నాళ్లూ బల్ల ఖాళీగా ఉంచాడు. ఇక పని ఎక్కువైందని, సోమవారానికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదని ఫోన్లో నసుగుతూ చెప్పాడు. ఫిజియో అమ్మాయేమో, కళ్లు మూసుకుని ఏం తగిలిందో ప్రతిసారీ సరిగ్గా చెప్పగలిగితే తప్ప కత్తెర ముట్టనివ్వొద్దంది. రోజూ చూసి ఆ మాట చెప్పాల్సింది నేను. అడకత్తెరలో పోకచెక్కలా నన్ను బాగా ఇరికించారు.

మా వదిన, అంటే ఆయన అక్కగారు, ఫోన్ చేసినప్పుడల్లా బెంగగా ఉందా అని అడుగుతుంది. లేదంటాను. నిమ్మకు నీరెత్తినట్టు ఎలా ఉంటావే అని దెప్పుతుంది. దెప్పనీ. నిజంగానే నాకు ఏమీ అనిపించడం లేదు. ఏడుద్దామని స్నానాలగదిలోకి వెళ్లిన రోజు, బకెట్టు పాచి పట్టిందని చూసి తోమి వచ్చాను.

పొద్దున్న టీ తాగాక ఆయన కిటికీ పక్క కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఎడమచేతి మీద నేను ఒకసారి దూది, ఒకసారి బ్రష్షు, ఒకసారి చెంచా ఆనిస్తాను. మొదట్లో అన్నీ తప్పులే. దూది పెడితే చెంచా అనేవారు, ఏమీ పెట్టకపోతే బ్రష్షు అనేవారు. ఈమధ్య ఒక్కటీ తప్పడం లేదు. "దూది." "బ్రష్షు." "చెంచా. చల్లగా ఉంది." ఫిజియో అమ్మాయికి చెబితే భలే సంబరపడింది. ఓనరుకు చెబితే బల్ల తుడిపించి ఉంచుతానన్నాడు. నేను మాత్రం దూది డబ్బా మూత పెట్టి వంటగదిలోకి వెళ్లి నా పని చూసుకున్నాను.

పుండు మానింది. సోమవారం దగ్గరపడింది. వాచీ లేకుండా బల్ల దగ్గర నిలబడనని ఆయన పంతం పట్టారు. మొట్టమొదట ఒంటరిగా కోటు కత్తిరించిన ఏడాది కొనుక్కున్న వాచీ అది. బెల్టేమో చెమట తాగి తాగి, ఎండి, అట్టముక్కలా బిగుసుకుపోయింది. కొత్తది వేయిద్దామంటే ఒప్పుకోలేదు.

"తోలు చావలేదు, ఆకలిగా ఉందంతే. కాస్త క్రీం పెడితే లేస్తుంది. నేను చెప్తాను, నువ్వు చెయ్యి."

ఆ చెప్పడం ఏమిటో భగవంతుడికే తెలియాలి. ముప్పుతిప్పలు పెట్టారు. పిన్ను నొక్కి బెల్టు వాచీ నుంచి ఊడదియ్యమన్నారు. పొడి బ్రష్షుతో దుమ్ము దులపమన్నారు. సబ్బు నురగ గుడ్డకు అద్ది, పిండేసి, తుడవమన్నారు.

"నీళ్లు కారకూడదు. అది చొక్కా కాదు ఉతకడానికి."

"మరి మీరే చెయ్యండి."

"చేతులు రెండుంటే నిన్ను అడిగేవాణ్ణా?"

ఆ మాట అని ఆయనే చప్పున ఆగిపోయారు. నేను విననట్టే తుడిచాను. గుడ్డకు నల్లటి మట్టి, దానితోపాటు కాస్త ఎర్రది అంటుకుంది. బెల్టును ఎండలో కాకుండా నీడనే ఆరబెట్టాను. ఆరాక తోలు మీద చెమట ఉప్పు తెల్లగా తేలితే ఇంకోసారి తుడవమన్నారు. ఆ తర్వాత క్రీం. గోటి చివరంతే తీసుకుని, వేలితో గుండ్రంగా, లోపలివైపు కూడా, అంచులకు మరీ మరీ.

"ఎక్కువ పుయ్యకు. తిననీ, కక్కనివ్వకు."

తోలు రంగు తిరిగింది. పగుళ్లు పూర్తిగా పోలేదు గానీ నోళ్లు మూసుకున్నాయి. నా వేలు కూడా నున్నబడింది. మణికట్టు వంపు నిలవాలని బెల్టును పెద్ద దారం రీలుకు చుట్టి పెట్టమన్నారు. మర్నాడు పొద్దున్న మెత్తటి పాతగుడ్డతో రుద్ది, వాచీకి తిరిగి తగిలించి తెచ్చాను. ఆయన కుర్చీలో కళ్లు మూసుకుని సిద్ధంగా ఉన్నారు. దూది అయింది, బ్రష్షు అయింది, చెంచా అయింది. మూడూ సరిగ్గా చెప్పారు.

"ఇక వాచీ పెడుతున్నాను," అన్నాను.

ముందు నా చేతికి చుట్టుకున్నాను. పరీక్ష పెట్టాలన్న ఆలోచనే లేదు, వట్టి అలవాటు. బకిల్ బిగించాను. అది టిక్కుమంది.

"ఆఁ," అన్నారాయన, మొహం విప్పారింది. "ఇప్పుడు హాయిగా ఉంది. బాగా మెత్తబడింది. అంచు అసలు తగలట్లేదు."

నేను నా మణికట్టు వైపు చూసుకున్నాను. ఆయన చెయ్యి, ఏమీ లేకుండా, కుర్చీ చేతి మీద పడి ఉంది.

దూది ఉండేది రేకు డబ్బాలో, దాని మూత కిర్రుమంటుంది. బ్రష్షు నిలబెట్టేది గాజుగ్లాసులో. చెంచా స్టీలు పళ్లెంలో. అన్నీ నా చేతులతోనే అమర్చుకున్నాను. రోజూ ఆయన చేయి చెప్పిందనుకున్నవన్నీ చెవులు చెప్పినవి.

నోరెత్తకుండా విప్పి ఆయన చేతికి పెట్టేద్దామా అనిపించింది. ఆయన కళ్లింకా మూసే ఉన్నాయి. సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గరికి వెళ్తారు, మళ్లీ మాస్టరుగారు అనిపించుకుంటారు. ఆయనకు కావలసింది అంతే. కానీ కఫ్ నానబెట్టిన నీళ్లు కళ్ల ముందు కదిలాయి. ఈసారి కోసేది బెల్టు అంచు కాదు.

"కళ్లు తెరవండి," అన్నాను.

తెరిచారు. ముందు తన చేతిని చూసుకున్నారు. తర్వాత నా చేతిని.

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"మొదటిసారి సరిగ్గా చెప్పిన రోజు నించీ."

"వేళ్లు తెగిపోయేవి. మీకు తెలిసేది కూడా కాదు."

"నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు చేశారు? బల్ల కోసమా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. కొంత బల్ల కోసమేనన్నట్టు మళ్లీ నిలువుగా ఊపారు.

"మొదటిసారి మూత చప్పుడు విని దూది అన్నాను. ఊరికే, తోచింది అన్నానంతే. నువ్వు వంటింట్లోకి పోతూ కూనిరాగం తీశావు. నేను పడ్డాక ఈ ఇంట్లో అది విన్లేదు. మర్నాడు బ్రష్షు అన్నాను. మళ్లీ తీశావు."

"నేనా?"

"నువ్వే. రోజూ తీస్తున్నావు."

నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా ఒక్క ముక్క గుర్తు రాలేదు. అన్నాళ్లు నేను సంతోషంగా ఉన్నానట, ఆ సంగతి నాకే తెలియదు.

"ఓనరుకు ఫోన్ కలుపు," అన్నారాయన. "నేనే చెప్తాను రానని."

నంబరు కలిపి ఫోన్ ఆయన కుడిచేతికి ఇచ్చాను. అవతల మోగుతోంది. నేను బకిల్ విప్పబోయాను.

"ఉంచుకో," అన్నారు. "నీకైనా తెలుస్తుంది."

"మాస్టరూ, వస్తున్నారుగా?" అని ఫోన్లో ఓనరు గొంతు ఉత్సాహంగా వినిపించింది. ఆయన గొంతు సవరించుకుంటున్నారు. బెల్టు నా మణికట్టు మీద మెత్తగా, వెచ్చగా ఆనుకుని ఉంది. ఆ మెత్తదనం నాకు తెలుస్తూనే ఉంది. దాన్నే భరించలేకపోయాను.