ఏ భాష ముందు?

నాచారం పారిశ్రామికవాడను ఆనుకొని ఒక ట్రస్టు నడిపే ఉచిత దవాఖానాకు కంప్యూటరు అమర్చి ఇచ్చినవాడు జనార్ధనరావు. శనివారాల్లో బీపీ, షుగరు మందులకు వచ్చేవారి పేర్లు తెరమీద కనిపిస్తాయి. నర్సు రాణి ఆ వరుసలోనే పిలుస్తుంది. ఎవరు ఏ గుర్తింపు కార్డు చూపితే ఆ కార్డులోని లిపిలోనే పేరు ఎక్కించడం ఆమె పద్ధతి. కంప్యూటరేమో పేర్లను లిపుల వారీగా పేరుస్తుంది. అందువల్ల తెరమీద ఇంగ్లీషు పేర్లు మొదట, ఉర్దూవి ఆ తరువాత, తెలుగువి అట్టడుగున నిలిచాయి.

ఆ శనివారం కొమురెల్లి లేచి, కంప్యూటరు దగ్గర కూర్చున్న జనార్ధనరావు బల్ల ముందుకు వచ్చాడు.

"సార్, మా ఫ్యాక్టరీ గేటు తొమ్మిదిన్నరకు మూస్తరు. ఇయ్యాల గూడ ఆలస్యమైతే పనిలకెల్లి తీసేస్తమన్నరు. పొద్దుగాల్నే వచ్చిన నన్ను ఆఖరుకు పిలుసుడేంది?"

జనార్ధనరావు సెట్టింగులు తెరిచాడు. పేర్లను ఏ భాష పద్ధతిలో పేర్చాలో ఎంచుకొమ్మని తెర అడిగింది. తెలుగును ముందు పెడితే తక్కినవారు వెనక్కి పోతారు. వారేం పాపం చేశారు? నిఘంటువులు ఒక భాషలోని అక్షరాలకు వరుస చెబుతాయి గాని, భాషలకు వరుస చెప్పవు. గడియారం వైపు చూసి, తెలుగు మీద నొక్కాడు.

కొమురెల్లి పేరు పైకి వచ్చింది. మందులు చేతికందినా అతడు కదలలేదు.

"ఇంకేందన్నా, నడువు!" అంది రాణి.

"మా సత్తమ్మను పిలువక్కా. ఉప్పల్ల ఇంటికాడ దింపి పోవాలె. మోకాళ్లు పట్టేసినయ్, బస్సెక్కలేదు."

ఎంతో కిందికి జరిపితే గాని అతడి భార్య పేరు దొరకలేదు. ఆమె చూపినది ఇంగ్లీషు కార్డు.

"మొన్నటిదాంక నన్నే ముందుగాల పిలిసేటోళ్లు," అంది సత్తమ్మ బెంచీ మీదినుంచి. "ఇప్పుడు మొగుడు ముంగట, పెండ్లాం ఎనుకనా? గిదేం కంప్యూటర్ సార్, అచ్చం మా అత్త లెక్కనే ఉన్నది!"

అందరూ నవ్వారు. జనార్ధనరావుకు నవ్వు రాలేదు. మళ్లీ మార్చాలా, మార్చకూడదా? మౌసు మీద వేలు ఆగిపోయింది. చివరకు తెరవంక చూడకుండానే, "సత్తమ్మగారూ, మీరు రండి," అన్నాడు.

భార్యాభర్తలు బయటపడ్డారు. బండి చప్పుడు వీధి మలుపు దాటింది.

"గేటు అందుకుంటడు లే సార్," అంది రాణి.

"గిది ఏ వరస సార్?" అని లేచాడు ఉర్దూ కార్డు పట్టుకున్న ఖాజా. "తెలుగుదా, ఇంగ్లీషుదా? నాది ఎప్పుడొస్తది?"

జనార్ధనరావు తెరను పక్కకు తిప్పి, "అందరికంటే ముందు వచ్చినవారెవరండీ?" అని అడిగాడు.

బెంచీల మీది చేతులన్నీ ఒక్కసారే లేచాయి.